పాఠకుల ప్రశ్నలు: 17 ఏళ్ల తర్వాత కార్కస్

గత సంచికలో ఈ శీర్షిక కింద, ఇంగ్లండులోని లివర్‌పూల్‌కు చెందిన కార్కస్ బ్యాండు 2013లో విడుదల చేసిన ‘సర్జికల్ స్టీల్’ ఆల్బమ్‌ను క్లుప్తంగా పరిచయం చేశాను. 1996లో వచ్చిన ‘స్వాన్‌సాంగ్’ తర్వాత 17 ఏళ్లకు వెలువడిన ఆ ఆల్బమ్, విడిపోయి మళ్లీ కలిసిన ఎక్స్‌ట్రీమ్ మెటల్ (అతి వేగం, అరుపు గొంతు ఉండే కఠినమైన రాక్ సంగీతం) బ్యాండ్లు చేసిన వాటిలో ముందు వరుసలో నిలుస్తుందని అందులో రాశాను. ఆ మాటను ఒప్పుకున్నవారూ, గట్టిగా కాదన్నవారూ విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి ఉత్తరాలు పంపారు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట వివరంగా ఉన్న ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాను.

ప్రశ్న: నేను పుట్టేనాటికే కార్కస్ విడిపోయింది. వారి 1993 నాటి ఆల్బమ్ ‘హార్ట్‌వర్క్’ విని అభిమానినయ్యాను. ‘సర్జికల్ స్టీల్’ గొప్పగా ఉందని మీతో సహా అందరూ అంటున్నారు గానీ, అది పాత పేరు మీద ఉన్న అభిమానం చేత అంటున్న మాటేమోనని నా అనుమానం. ఊరూ పేరూ లేని కుర్రాళ్లు ఎవరైనా ఇదే ఆల్బమ్ చేసి ఉంటే మీరు ఇంతగా మెచ్చుకునేవారా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, బెంజి సర్కిల్, విజయవాడ

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. మళ్లీ కలిసిన ఏ బ్యాండు విషయంలోనైనా దాన్ని దగ్గర ఉంచుకోవడం మంచిది. విడిపోయినవారు తిరిగి వేదిక ఎక్కడం ఒక పని, తిరిగి ఆల్బమ్ చేయడం వేరొక పని. వేదిక మీద వాయించేవి పాత పాటలు. ఎదురుగా నిలబడ్డ వేలమందికి ప్రతి రిఫ్ (గిటారు మీద పదే పదే వచ్చే చిన్న స్వరవరుస) కంఠతా వచ్చు కనుక, వాయింపులో ఎక్కడైనా పట్టు సడలినా వారి జ్ఞాపకమే దాన్ని సరిదిద్దుకుంటుంది. రాత్రిపూట గదిలో ఒంటరిగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కొత్త పాట వినేవాడికి అలాంటి సాయం చేసే జ్ఞాపకమేదీ ఉండదు. పాత పేరు కచేరీ టికెట్టుకు చాలుతుంది గానీ ఆల్బమ్‌కు చాలదు. నేను వాడే కొలత ఇదొక్కటే.

కార్కస్ 2008లో మళ్లీ కలిసి, జర్మనీలోని వాకెన్ ఉత్సవంతో సహా అనేక చోట్ల వాయించింది. ఆల్బమ్ మాత్రం 2013 సెప్టెంబరు దాకా రాలేదు. మధ్యలోని ఐదేళ్లూ పాత పాటలతోనే ఊరూరా తిరగగలిగారంటే, కొత్తవి రాయకపోయినా జరుగుబాటుకు లోటు లేదన్నమాట. పైగా 2012లో గిటారిస్టు మైకేల్ ఆమట్, ఆయనతో పాటు వచ్చిన డ్రమ్మర్ డానియెల్ ఎర్లాండ్‌సన్ తమ సొంత బ్యాండు ఆర్చ్ ఎనిమీ పని మీద తప్పుకున్నారు. అక్కడితో ఆపేసి ఉన్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మిగిలిన ఇద్దరూ, అంటే బాస్ వాయిస్తూ పాడే జెఫ్ వాకర్, గిటారు వాయించే బిల్ స్టీర్, డాన్ వైల్డింగ్ అనే యువ డ్రమ్మర్‌ను చేర్చుకుని ముగ్గురుగా రికార్డింగుకు కూర్చున్నారు. ఆల్బమ్‌లో వినిపించే జంట గిటార్ల వాయింపంతా స్టీర్ ఒక్కడిదే. 1990లలో వారి ఆల్బమ్‌లను నిర్మించిన కోలిన్ రిచర్డ్‌సన్ దీన్నీ నిర్మించాడు. మిక్సింగ్ ఆండీ స్నీప్ చేశాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఆల్బమ్ పేరున్న పాత జట్టు ఫొటో దిగడం కోసం చేసినది కాదు. ఫొటోలో ఉండవలసిన సగంమంది అప్పటికి లేరు.

ఇక సంగీతం. ఆల్బమ్ ‘1985’ అనే చిన్న వాద్య ఖండికతో మొదలవుతుంది. అది బ్యాండు పుట్టిన సంవత్సరం. నిమిషం పైచిలుకు సాగే ఆ ఖండికలో రెండు గిటార్లు ఒక రాగాన్ని జంటగా, తొందర లేకుండా ఎత్తుకుంటాయి. అది ఆగీ ఆగకముందే రెండు నిమిషాలు కూడా నిండని పాట ఒకటి పూర్తి వేగంతో వచ్చి పడుతుంది. ఈ మూడు నిమిషాలలోనే వారు తమ చరిత్రలోని రెండు కొసలనూ చూపించేస్తారు. మెలొడీ ‘హార్ట్‌వర్క్’ నాటిది, వేగం అంతకుముందు 1980ల చివర వారు చేసిన గ్రైండ్‌కోర్ (అతి వేగంగా వాయించే మెటల్) నాటిది. మూడో పాట నుంచి ఆ రెండింటినీ ఒకే రిఫ్‌లో కలిపే పని మొదలవుతుంది, ఆల్బమ్ అసలు బలం అక్కడ ఉంది. వారి పాత ఆల్బమ్‌లలో మెలొడీ ఉన్నచోట వేగం కొంత తగ్గేది, వేగం ఉన్నచోట మెలొడీ మసకబారేది. ఇక్కడ రెండూ ఒకదాన్నొకటి తగ్గించుకోవు. నలభైల్లో పడ్డ వాయిద్యకారులు ఇరవైల్లో తాము చేయలేకపోయినదాన్ని చేశారని నేను అనేది ఇందుకే.

మీరు అడిగిన సూటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, కొత్త కుర్రాళ్లు ఇదే ఆల్బమ్ చేసి ఉంటే వాయింపును పొగిడి, ‘హార్ట్‌వర్క్’ను అనుకరించారని తప్పక రాసేవాణ్ణి. ఆ తప్పు కార్కస్‌కూ కొంత వర్తిస్తుంది. 1991 నాటి ‘నెక్రోటిసిజమ్’కూ 1993 నాటి ‘హార్ట్‌వర్క్’కూ నడుమనున్న దారి దాటి ఈ ఆల్బమ్ దాదాపుగా బయటికి పోదు. ‘స్వాన్‌సాంగ్’లో వారు ప్రయత్నించిన నెమ్మదైన, రాక్ పోకడలున్న సంగీతం ఎక్కువమంది అభిమానులకు నచ్చలేదు. ఆ దారిలోకి మళ్లీ పెద్దగా అడుగు పెట్టకపోవడంలో జాగ్రత్త కనబడుతుంది. ఎనిమిది నిమిషాలు దాటే చివరి పాట ఒక్కటే దీనికి మినహాయింపు. అది అకౌస్టిక్ గిటారుతో మొదలై తాపీగా పెరుగుతుంది, ఆ ధైర్యం ఆల్బమ్ మధ్యలో కూడా ఒకటి రెండు చోట్ల చూపించి ఉంటే బాగుండేదనిపిస్తుంది. 2021లో వచ్చిన ‘టార్న్ ఆర్టరీస్’లో, పది నిమిషాలకు కాస్త తక్కువగా సాగే పాటతో సహా, అలాంటి సాహసాలు మరికొన్ని చేశారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి వినండి. ‘సర్జికల్ స్టీల్’ అమెరికా బిల్‌బోర్డ్ 200 పట్టికలో 41వ స్థానానికి చేరిందని ఇంకొక పాఠకుడు రుజువుగా రాశారు గానీ, అది పాత పేరు అమ్ముడుపోతుందనడానికే రుజువు. మీ ప్రశ్నకు దానితో పని లేదు.

ప్రశ్న: నేను డ్రమ్స్ నేర్చుకుంటున్నాను. కెన్ ఓవెన్ లేని బ్యాండును కార్కస్ అనడం నాకు మింగుడు పడటం లేదు. ఆ ఇద్దరూ వేరే పేరు పెట్టుకోవచ్చు గదా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఓవెన్ తొలినాళ్ల నుంచీ ఆ బ్యాండులో ఉన్నాడు. 1988 నాటి మొదటి ఆల్బమ్ నుంచి ‘స్వాన్‌సాంగ్’ దాకా డ్రమ్స్ అన్నీ ఆయనవే. 1999లో ఆయనకు మెదడులో రక్తస్రావం జరిగింది. నెలల తరబడి కోమాలో ఉండి బతికి బయటపడ్డాడు గానీ, ఈ సంగీతానికి కావలసిన వేగంతో గంటసేపు వాయించే శక్తి తిరిగి రాలేదు. మళ్లీ కలిసిన తర్వాత కొన్ని కచేరీలలో మిగతావారు ఆయన్ను వేదిక మీదికి పిలిచి డ్రమ్స్ ముందు కూర్చోబెట్టారు. ఆయన కాసేపు ఒంటరిగా వాయించి దిగేవాడు. ‘సర్జికల్ స్టీల్’లో వెనుక గొంతుల్లో ఆయనది ఒకటి. ఇందాక చెప్పిన ‘టార్న్ ఆర్టరీస్’ అనే పేరు కూడా, ఓవెన్ కుర్రతనంలో సొంతంగా రికార్డు చేసుకున్న ఒక డెమో టేపుకు పెట్టుకున్నదే.

కాబట్టి ఆయన్ను వదిలేసి పేరు మాత్రం ఉంచుకున్నారనడం సరికాదు. అయితే మీరు డ్రమ్స్ నేర్చుకుంటున్నారు కనుక మీకు వినబడే తేడా ఒకటి ఉంది, అది నిజమైనదే. ఓవెన్ వాయింపు గడియారంలా కచ్చితంగా ఉండేది కాదు. ఒక రిఫ్ నుంచి మరొక రిఫ్‌కు మారేచోట ఆయన వేసే ఫిల్స్ అనే చిన్న దరువులు ఎవరూ ఊహించని చోట మొదలై, ఒక్కోసారి జారిపోతాయేమోననిపించి, చివరి క్షణంలో సమం మీద పడేవి. వైల్డింగ్ ఆయన కంటే కచ్చితంగా, బలంగా వాయిస్తాడు. ఓవెన్ పోకడలను శ్రద్ధగా చదువుకున్నవాడని కూడా తెలిసిపోతుంది. కానీ జారిపోతుందేమోనన్న ఆ భయం ఈ ఆల్బమ్‌లో ఎక్కడా కలగదు. నాకు అది లోటుగానే తోచింది. పేరు మార్చుకోవలసినంత లోటు మాత్రం కాదు. రిఫ్‌లు కట్టినవాడూ మాటలు రాసినవాడూ ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ప్రశ్న: బాలమురళీకృష్ణ గారు తిరిగిన పేటలో ఉంటూ ఆరు దశాబ్దాలుగా కర్ణాటక సంగీతం వింటున్నవాణ్ణి. మీ పరిచయం చదివి మా మనవడు ఈ ఆల్బమ్ నాకు వినిపించాడు. గొంతు చించుకోవడమూ డ్రమ్ముల మోతా తప్ప నాకేమీ వినబడలేదు. ఇందులో శ్రుతి ఎక్కడ, లయ ఎక్కడ? అన్నేళ్లు హాయిగా ఊరుకున్నవాళ్లు మళ్లీ అరవడానికి రావడమెందుకు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారూ, మనవడి కోసం ఆల్బమ్ ముందు కూర్చున్న మీ ఓపికకు ముందుగా నమస్కారం. శ్రుతి ఉంది, అయితే అది మామూలు గిటారు కంటే బాగా కిందికి దించినది. గిటారులో అన్నిటికంటే మందమైన తీగను మామూలుగా ‘ఈ’ స్వరానికి బిగిస్తారు. వీరు దాన్ని ఐదు స్వరస్థానాలు కిందికి సడలించి ‘బి’కి దించి, మిగతా తీగలనూ అదే లెక్కన దించుతారు. దాని మీద డిస్టార్షన్, అంటే శబ్దాన్ని కావాలని గరుకుగా మార్చడం, చేరడం వల్ల స్వరం అంచులు చెదిరి, అలవాటు లేని చెవికి మోతగా వినిపిస్తుంది. లయ విషయంలో అయితే ఇక్కడ లోటు కంటే అతి ఎక్కువ. బ్లాస్ట్ బీట్ అనే వాయింపులో స్నేర్, కిక్ డ్రమ్ములు ఒకదాని వెంట ఒకటి ఎంత వేగంగా పడతాయంటే, లెక్క పెట్టడానికి ప్రయత్నిస్తే అందదు. దాని పైన గిటారు నెమ్మదిగా మారే స్వరాలను పట్టుకుని, ఆ నడకలో తాళం వెతుక్కుంటే అందుతుంది. తనియావర్తనంలో మృదంగం వేగం పెరిగినప్పుడు మీరు చేతితో వేసే తాళం మారదు గదా, ఇక్కడ వినే పద్ధతి కూడా అదే.

మన సంగీతంలో లేనిది ఒకటి ఇందులో ఉంది, మీకు ఆసక్తి కలిగించవచ్చు. మన కచేరీలో వయొలిన్ గాత్రాన్ని అనుసరిస్తుంది, రెండూ ఒకే స్వరం మీద నడుస్తాయి. ఇక్కడ రెండు గిటార్లు ఒకే రాగఛాయను, ఒకటి కింది స్వరం నుంచీ రెండోది దాని పై మూడో స్వరం నుంచీ, ఎడం తగ్గకుండా కలిసి నడిపిస్తాయి. మొదటి ఖండిక మొత్తం అదే. మనవణ్ణి ఆ ఖండికను, ఆ తర్వాత చివరి పాట మొదట్లోని అకౌస్టిక్ గిటారు భాగాన్ని మాత్రమే వినిపించమనండి. రెండింటిలోనూ ఆ భాగం వరకు అరుపు లేదు.

గొంతు సంగతికి వస్తే, వాకర్ పాడేదానిలో స్వరం వెతకవద్దు. అది ఉద్దేశపూర్వకంగా స్వరం తీసేసిన గొంతు, దాన్ని తాళవాద్యంగా వినాలి. ఇక అన్నేళ్లూ వారు ఊరుకోలేదు. స్టీర్ ఫైర్‌బర్డ్ అనే బ్యాండుతో బ్లూస్ రాక్ వాయిస్తూ ఉన్నాడు, వాకర్ 2006లో అమెరికన్ కంట్రీ సంగీతపు పాటలతో ఒక ఆల్బమ్ చేశాడు. స్టీర్ సోలోలలో తీగను లాగి వదిలే తీరులో ఆ బ్లూస్ అలవాటు వినబడుతుంది. ఇదంతా చేశాక కూడా మీకు నచ్చకపోతే మనవడితో వాదించనక్కరలేదు. మీ పేటలోనే అతనికి వినడానికి వేరే సంగీతం కావలసినంత ఉంది, దాన్ని మీరు వినిపించవచ్చు.

ప్రశ్న: ఇందులో రెండు పాటల పేర్లు వింతగా ఉన్నాయి. ఒకదానిలో ‘ఏఎస్‌టీఎం ఎఫ్ 899-12’ అని, ఇంకొకదానిలో ‘316ఎల్ గ్రేడ్’ అని ఉంది. ఇవి నిజమైనవేనా, ఊరికే పెట్టినవా?
– వైద్య విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండూ నిజమైనవే. శస్త్రచికిత్స పరికరాల తయారీకి వాడే స్టెయిన్‌లెస్ స్టీలు ఎలా ఉండాలో చెబుతూ ఏఎస్‌టీఎం అనే సంస్థ ఇచ్చిన ప్రమాణం ఎఫ్ 899, చివరనున్న 12 అనేది 2012 నాటి ప్రతిని సూచిస్తుంది. 316ఎల్ అనేది ఒక రకం స్టీలు. అందులో సుమారు 16 నుంచి 18 శాతం క్రోమియం, 10 నుంచి 14 శాతం నికెల్, 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటాయి. ‘ఎల్’ అంటే కార్బన్ తక్కువని, 0.03 శాతానికి మించదని అర్థం. మాలిబ్డినం వల్ల ఉప్పునీటికీ శరీర ద్రవాలకూ తట్టుకోగలదు కనుక ఎముకల్లో వేసే ప్లేట్లకూ స్క్రూలకూ ఈ రకాన్ని వాడుతూ వచ్చారు. మీ ఆర్థోపెడిక్స్ పాఠాల్లో ఇది మీకు ఎదురయ్యే ఉంటుంది. వాకర్ తొలి ఆల్బమ్‌ల నుంచీ వైద్య నిఘంటువును దగ్గర పెట్టుకుని మాటలు అల్లినవాడు. అప్పుడు రోగాల పేర్లు, ఇప్పుడు పరికరాల ప్రమాణాలు. ప్రమాణానికి లోబడకపోవడం అనే మాటను పాట పేరుగా పెట్టడంలో ఉన్న పొడి హాస్యం కూడా ఆయన పాత అలవాటే.

ప్రశ్న: మా అబ్బాయి గది నిండా ఈ బ్యాండు బొమ్మలే. కార్కస్ అంటేనే శవం, పాటల పేర్లన్నీ కోతలూ నెత్తురూ. పిల్లవాడి మనసు చెడిపోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ బ్యాండు మొదటి ఆల్బమ్ అట్ట మాత్రం మీరు చూడకపోతేనే మంచిది. వైద్య గ్రంథాలలోని శవపరీక్షల ఫొటోలు కత్తిరించి అతికించిన అట్ట అది. తర్వాతి ముద్రణలలో కొన్నింటికి దాన్ని మార్చవలసి వచ్చింది. ‘సర్జికల్ స్టీల్’ అట్ట మీద అటువంటిదేమీ లేదు. కత్తెరలూ పట్టకార్లూ వంటి ఆపరేషన్ పరికరాలను గుండ్రంగా, ముగ్గు వేసినట్టు పేర్చి తీసిన ఫొటో అది.

ఈ నెత్తుటి మాటల వెనుక ఉన్న సంగతి మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ పాటలు మొదలుపెట్టిన రోజుల్లో వారు శాకాహారులు. మనిషి శరీరాన్ని కూడా మాంసంలా వర్ణించి, పళ్లెంలోని మాంసం మీద అసహ్యం పుట్టించడం వారి ఉద్దేశాలలో ఒకటి. ఈ ఆల్బమ్‌లో కూడా పశువధశాలలో గొడ్డును స్పృహ తప్పించడానికి నుదుటి మీద పేల్చే పరికరం పేరుతో ఒక పాట ఉంది. ఇంకొక పాట పేరులో కసాయి తొడుక్కునే యాప్రాన్ మాట ఉంది. బ్రిటిష్ జెండాను ఎగతాళి చేసేవారు దానికి పెట్టిన పేరు అదే. వలస పాలన నెత్తురును ఆ దేశపు వారే ఎత్తిచూపడం మనకు వినసొంపైన విషయమే గదా. అబ్బాయిని ఆ పాటకు అర్థం చెప్పమని అడిగి చూడండి. చెప్పగలిగితే శ్రద్ధగా వింటున్నాడన్నమాట.

ప్రశ్న: ఇలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన మిగతా బ్యాండ్లలో ఎవరి ఆల్బమ్ కార్కస్‌తో సమానంగా నిలుస్తుంది? నా ఓటు పొసెస్డ్‌కు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: విరామం ఎంత పొడవో దాన్నిబట్టి కొలిస్తే మీ పొసెస్డ్‌ను ఎవరూ అందుకోలేరు. 1985లో ‘సెవెన్ చర్చెస్’ చేసి, అందులో ఒక పాటకు ‘డెత్ మెటల్’ అని పేరు పెట్టినవారు వారే. 1986 నాటి రెండో ఆల్బమ్ తర్వాత మూడోది 2019లో వచ్చింది. మధ్యలో గాయకుడు జెఫ్ బెసెరా 1989లో దోపిడీగాళ్ల తుపాకీ కాల్పులకు గురై కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. ఆ కుర్చీలోంచే ఆయన పాడిన ‘రెవెలేషన్స్ ఆఫ్ ఆబ్లివియన్’ అనుమానం లేకుండా బలమైన ఆల్బమ్. కానీ ఆయన కథ తెలిసినవాడికీ తెలియనివాడికీ అది ఒకే విధంగా వినబడుతుందా అన్నది నాకు పూర్తిగా తేలలేదు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన అట్ ద గేట్స్ 1995 తర్వాత 2014లో ‘అట్ వార్ విత్ రియాలిటీ’ చేసింది. దక్షిణ అమెరికా మాంత్రిక వాస్తవికతా సాహిత్యం నుంచి పాటలకు వస్తువు తీసుకున్నాడు గాయకుడు తోమస్ లిండ్‌బర్గ్. బడిలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడాయన, 2025 సెప్టెంబరులో క్యాన్సర్‌తో మరణించాడు. ఆ ఆల్బమ్‌లో ఒక్కొక్క పాట బాగుంటుంది, అయితే అన్నీ ఒకే ఎత్తులో సాగి చివరికి కలిసిపోతాయి. ఇక తిరిగి రావడం ఎలా ఉండకూడదో చూడాలంటే మార్బిడ్ ఏంజెల్ 2011లో చేసిన ఆల్బమ్ వినండి. పాత గాయకుడు డేవిడ్ విన్సెంట్ 1995 తర్వాత మొదటిసారి వారితో చేసిన స్టూడియో ఆల్బమ్ అది. నాట్యశాలల ఎలక్ట్రానిక్ దరువుల వైపు మళ్లి, అటు మెటల్ అభిమానులనూ ఇటు నాట్యశాలల వారినీ మెప్పించలేకపోయింది. సాహసం చేయడాన్ని తప్పు పట్టను, పాటలు సరిగా కట్టకపోవడమే అసలు తప్పు.

నా లెక్కలో కార్కస్ పక్కన నిలిచేవి రెండు. స్విట్జర్లాండుకు చెందిన సెల్టిక్ ఫ్రాస్ట్ 1990 తర్వాత 2006లో చేసిన ‘మోనోథీయిస్ట్’ మొదటిది. వారు పాత వేగాన్ని పూర్తిగా వదిలేసి, మెల్లగా నేల మీద ఈడ్చుకుపోయే బరువైన సంగీతం చేశారు. 1980ల నాటి తమ ఆల్బమ్‌లను అందులో వెతుక్కున్న అభిమానులకు ఏమీ దొరకలేదు, అయినా పట్టు వదలకుండా విన్నవారిని ఆ ఆల్బమ్ వదల్లేదు. 2008లోనే బ్యాండు మళ్లీ ముగిసిపోయింది, బాస్ వాయించిన మార్టిన్ ఎరిక్ ఐన్ 2017లో కన్నుమూశాడు.

రెండోది కెనడా బ్యాండు గోర్గట్స్. ‘సర్జికల్ స్టీల్’ వచ్చిన 2013లోనే, 12 ఏళ్ల విరామం తర్వాత, ‘కలర్డ్ శాండ్స్’ విడుదల చేసింది. నాయకుడు లూక్ లమే తప్ప మిగతా ముగ్గురూ కొత్తవారు. టిబెట్ చరిత్రే ఆల్బమ్ మొత్తానికి వస్తువు. 2006 జనవరిలో మన అమరావతిలో దలైలామా జరిపిన కాలచక్రానికి వెళ్లినవారు రంగు ఇసుకతో భిక్షువులు వేసిన మండలాన్ని చూసి ఉంటారు. ఆల్బమ్ పేరులోని రంగు ఇసుక అదే. మధ్యలో ఒక ఖండికలో గిటార్లూ డ్రమ్ములూ అసలే ఉండవు. 1950లో చైనా సేనలు టిబెట్‌లోకి ప్రవేశించినప్పటి చామ్‌దో యుద్ధం పేరు మీద, తీగ వాద్యాల బృందానికి లమే స్వయంగా రాసిన సంగీతం అది. కార్కస్ తన ఇంటికి తిరిగి వచ్చి దాన్ని బాగుచేసుకుంది, గోర్గట్స్ మాత్రం ఇల్లు మారిపోయింది. పనితనంలో రెండూ సమానమే, కానీ మళ్లీ మళ్లీ వినడానికి చేతికి ముందు అందేది మాత్రం నాకు కార్కస్సే.

ప్రశ్న: కార్కస్‌ను ఎప్పుడూ వినలేదు. ‘సర్జికల్ స్టీల్’తో మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: నిరభ్యంతరంగా. తర్వాత ‘హార్ట్‌వర్క్’, ఆ పైన ‘నెక్రోటిసిజమ్’. మొదటి రెండు ఆల్బమ్‌లను ఆఖరున వినండి, వాటి రికార్డింగు మోటుగా ఉంటుంది.

ప్రశ్న: కాలేజీ రోజుల్లో మేం నలుగురం డెత్ మెటల్ బ్యాండు నడిపాం. ఉద్యోగాల మీద హైదరాబాదు, బెంగళూరు చెదిరిపోయి చాలా ఏళ్లయింది. మీ పరిచయం చదివాక మళ్లీ కలిసి ఒక ఆల్బమ్ చేద్దామనిపిస్తోంది. మా డ్రమ్మర్ విదేశంలో ఉన్నాడు, రాలేడు. ఏం చేయమంటారు?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నలుగురూ కుదిరేదాకా ఆగకండి. కార్కస్ కూడా ఇద్దరు పాతవారు, ఒక కొత్త డ్రమ్మరుతోనే పని పూర్తి చేసింది. రెండో గిటారిస్టు బెన్ యాష్ రికార్డింగు అయ్యాకే కచేరీల కోసం చేరాడు. మీలో గిటారు వాయించేవారిలో చేయి తిరిగినవారెవరో ఒకరే రెండు గిటార్ల భాగాలూ రికార్డు చేస్తే, జంట గిటార్లు కచ్చితంగా కలిసి పలుకుతాయి. ఒకే చేతి ఒత్తిడి రెండింటిలోనూ ఉంటుంది గనుక స్టీర్ వాయింపులో ఆ బిగువు వచ్చింది. రెండోది, ఒక్క కొత్త పాటయినా పూర్తయ్యేదాకా పాత పాటలు వాయించవద్దు. పాతవాటితో కూర్చుంటే ఆదివారాలు సరదాగా గడిచిపోతాయి, ఆల్బమ్ మాత్రం రాదు.

బ్రాడీపేటలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కనుక అసలు డ్రమ్ములతో రిహార్సల్ పెట్టుకుంటే రెండో రోజే పక్కింటివారు తలుపు తడతారు. పాటలు కట్టేదాకా ఎలక్ట్రానిక్ ప్యాడ్లతో, హెడ్‌ఫోన్స్‌తో సరిపెట్టుకుని, రికార్డింగుకు మాత్రం అసలు డ్రమ్ముల కోసం మంచి స్టూడియోకు వెళ్లండి. డబ్బు ఖర్చు పెట్టవలసిన చోటు అదే. గిటార్లూ బాసూ ఇంట్లో కంప్యూటర్ మీద రికార్డు చేసుకున్నా నష్టం లేదు.

ఇక పాడేది మీరే అయితే గొంతు గురించి జాగ్రత్త. ఈ రకం గాత్రంలో చాలావరకు శబ్దం అసలు స్వరతంత్రుల కంటే పైనుండే మడతల కంపనం నుంచి వస్తుంది. ఏళ్ల తరబడి వాడని ఆ మడతలను మొదటి రోజే గంటసేపు వాడితే గొంతు బొంగురుపోతుంది. మొదట్లో రోజుకు పది నిమిషాలకు మించకుండా, బలం గొంతు మీద పెట్టకుండా పొట్ట నుంచి ఊపిరి తోస్తూ సాధన చేయండి. మధ్య మధ్య గోరువెచ్చని నీళ్లు తాగండి. నొప్పి అనిపించిన క్షణమే ఆపేయాలి. బొంగురు రెండు మూడు వారాలకు కూడా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుని, వారు సరేనన్న తర్వాతే మళ్లీ మొదలుపెట్టండి. పాటలు సిద్ధమయ్యాక ఒక ప్రతి ఈ శీర్షికకు పంపితే, కార్కస్‌కు పెట్టిన కొలతతోనే విని రాస్తాను.